కొండ జారడాన్ని ఉపగ్రహం సెంటీమీటర్లలో ఎలా పట్టుకుంటుంది?

ఒకే కక్ష్య నుంచి 12 రోజుల తేడాతో తీసిన రెండు సెంటినెల్-1 (యూరప్ ఉపగ్రహం) రాడార్ చిత్రాలను పిక్సెల్ మీద పిక్సెల్ కూర్చి, ఫేజ్ (తిరిగొచ్చిన తరంగం ఏ దశలో ఉందన్నది) తేడా లెక్కిస్తారు. అందులోంచి ఎత్తుపల్లాల ప్రభావాన్ని ఎత్తుల పటంతో తీసేస్తే రంగుల పట్టీలు మిగులుతాయి. ఒక్కో పట్టీ అంటే రాడార్ చూసే దిశలో దాదాపు 2.8 సెం.మీ. కదలిక. తరంగం పొడవు 5.6 సెం.మీ., అది వెళ్లి తిరిగి రావాలి కాబట్టి అందులో సగం. ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్ పట్టణం 2022 డిసెంబరు 27 నుంచి 2023 జనవరి 8 లోపు 5.4 సెం.మీ. కుంగిందని చెప్పింది హైదరాబాద్‌లోని ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీయే.

చిక్కంతా చెట్లతోనే. బండరాయి, రేకుల కప్పు ప్రతిసారీ ఒకేలా బదులిస్తాయి. ఆకులు అలా కాదు, గాలికి కాస్త కదిలినా ఫేజ్ చెదిరి పటమంతా చుక్కల గందరగోళమవుతుంది. అడవి వాలులకు 24 సెం.మీ. తరంగమున్న ఇస్రో-నాసా రాడార్ ఉపగ్రహం నైసార్ మేలు (2025 జులై 30న శ్రీహరికోట నుంచే వెళ్లింది). వానాకాలంలో గాలిలోని నీటి ఆవిరి, అసలు జరగని కదలికను కూడా ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే ఒక్క జతను నమ్మకండి, కనీసం 20 చిత్రాల వరుస పెట్టండి. ఉత్తరానికో దక్షిణానికో జారే వాలు రాడార్‌కు సరిగా ఆనదు.

వయనాడ్‌లోలా ఒక్క రాత్రిలో విరుచుకుపడేవాటికి ఫేజ్ పనికిరాదు. అక్కడ ముందూ వెనకా చిత్రాల్లో ప్రతిధ్వని బలం ఎంత మారిందో పోల్చి, జారిన హద్దు గీయాలి.