గ్యారేజీ తలుపు మోతకి పదిహేను లక్షల ఖాతా మూయాలా?

ప్రశ్న: నేను రిటైరైన హైస్కూలు టీచర్ని. మాది ఒడిశాలోని బరంపురం. ఆరేళ్ల క్రితం అమెరికా నుంచి వచ్చినప్పుడు మా అబ్బాయి కారు షెడ్డుకి రిమోటుతో పైకి లేచే తలుపు పెట్టించాడు. చైనుతో నడిచే మోటారు. రెండు నెలలుగా అది ఎత్తగానే మూలుగుతుంది, తర్వాత దడదడలాడుతుంది. షెడ్డు మీది గదిలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో పీజీ చేస్తున్న డాక్టరు అద్దెకుంటున్నాడు, నెలకి 9,000. ఆయన కారు కూడా షెడ్డులోనే పెడతాడు, కాబట్టి రోజుకి నాలుగుసార్లయినా తలుపు తెరిచి మూస్తాం. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుంటే నిద్ర పట్టడం లేదని, ఇలాగే ఉంటే ఖాళీ చేస్తానని అంటున్నాడు. నేను పైకి వెళ్లి విన్నాను, కింద కన్నా పైనే మోత ఎక్కువ. డీలరు వచ్చి ఒకసారి నడిపించి చూసి, "మోటారు పోయింది, బెల్టు మోడల్ వేయాలి, అన్నీ కలిపి 58,000" అన్నాడు. నో కాస్ట్ ఈఎంఐ ఉందట. ఏడాదికి 6,000 కడితే మెయింటెనెన్స్ కూడా చూస్తారట. నాకు పింఛను 38,000, ఇంటి ఖర్చు 32,000. సేవింగ్స్ ఖాతాలో 1,40,000 ఉంది. బ్యాంకులో 2 లక్షల ఎఫ్.డి. నాలుగు నెలల్లో మెచ్యూర్ అవుతుంది. 14 నెలల క్రితం పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ స్కీములో 15 లక్షలు ఒకే ఖాతాగా వేశాను. వీటిలో దేన్ని కదపాలి? అబ్బాయి డబ్బు పంపుతానని, కాదంటే అక్కడి నుంచే మోటారు తెస్తానని అంటున్నాడు. వాణ్ణి అడగడం నాకిష్టం లేదు. ఈ ఖర్చుని అద్దె ఆదాయం మీద పన్నులో చూపించుకోవచ్చా?

జవాబు: మాస్టారూ, మీరు డబ్బు ఎక్కడి నుంచి తేవాలని అడిగారు. మోత ఎక్కడి నుంచి వస్తోందో తేలకుండా దానికి జవాబు చెప్పలేం. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆ 58,000 పెట్టినా మోత తగ్గకపోవచ్చు. ఎందుకో చెప్తాను. దానికంటే ముందు ఒక్క మాట: సీనియర్ సిటిజన్స్ ఖాతా జోలికి మాత్రం వెళ్లకండి.

ఆ ఖాతాలోంచి కావలసినంత తీసుకుని మిగతాది ఉంచే వీలు లేదు. తీయాలంటే ఖాతా మొత్తం మూయాల్సిందే. ఏడాది దాటి రెండేళ్లు నిండకుండా మూస్తే డిపాజిట్టులో 1.5 శాతం కోస్తారు. మీ 15 లక్షల మీద అది 22,500. అంటే 58,000 తలుపు మీకు 80,500 అవుతుంది. రెండేళ్లు దాటాక కూడా 1 శాతం కోత ఉంటుంది. పైగా ఖాతా తెరిచిన నాటి 8.2 శాతం మీకు ఐదేళ్లూ మారదు. మూసి మళ్లీ వేస్తే ఆ రోజున్న రేటే దక్కుతుంది. మూడు నెలలకోసారి వస్తున్న 30,750 మీ ఇంటికి రెండో పింఛను లాంటిది. ఒక తలుపు కోసం దాన్ని పాడుచేసుకోవద్దు. (ఈసారి ఇలాంటి స్కీములో వేసేటప్పుడు ఒకే ఖాతాగా కాకుండా ఐదేసి లక్షల చొప్పున మూడు ఖాతాలు తెరవండి. అవసరం పడితే ఒక్కటే మూసుకోవచ్చు. పోస్టాఫీసులో ఎవరూ ఈ మాట చెప్పరు, ఎలా తెరవాలో మీరే అడగండి.)

ఇప్పుడు తలుపు సంగతి. డీలరు మోటారు నడిపించి విన్నాడు గానీ, మోటారు లేకుండా తలుపు ఎలా కదులుతుందో చూసినట్టు మీ ఉత్తరంలో లేదు. అసలు చూడాల్సింది అది. రెండు కార్లూ బయట పెట్టి తలుపు పూర్తిగా దించండి. పైన పట్టాకి వేలాడే ఎర్ర తాడుని లాగితే తలుపుకీ మోటారుకీ లంకె విడిపోతుంది. తలుపు కిందికి దిగి ఉన్నప్పుడే లాగాలి. పైకెత్తి ఉండగా లాగితే, తలుపు బరువు మోసే స్ప్రింగు తెగి ఉన్న పక్షంలో తలుపు ఒక్కసారిగా మీద పడుతుంది. ఇంకొకరిని తోడు పెట్టుకుని చేత్తో నెమ్మదిగా ఎత్తండి. ఇలా ఎత్తినా అదే మోత వస్తే తప్పు మోటారుది కాదు, తలుపుది. చప్పుడు లేకుండా లేస్తే అప్పుడు మోటారుని అనుమానించవచ్చు.

అలాగే నడుము ఎత్తు దాకా ఎత్తి మెల్లగా చేతులు వదిలి చూడండి, దాని కింద మాత్రం ఎవరూ ఉండకూడదు. స్ప్రింగు బాగుంటే తలుపు దాదాపు అక్కడే నిలబడుతుంది. జారిపోతున్నా, ఎత్తేటప్పుడు బరువుగా అనిపించినా స్ప్రింగులో బలం తగ్గిందన్నమాట. నా అనుమానం దాని మీదే. మామూలు రకం స్ప్రింగుకి పదివేల సార్లు తెరిచి మూసేంత ఆయుష్షు అని లెక్క కడతారు. మీరు రోజుకి నాలుగుసార్లు చొప్పున ఆరేళ్లు వాడారనుకుంటే, అది 8,760 సార్లు. గడువు దగ్గరపడినట్టే. స్ప్రింగు నీరసిస్తే తలుపు బరువంతా మోటారు మోయాలి. ఎత్తగానే మూలుగుతోందని మీరు రాసింది దీనికి సరిగ్గా సరిపోతుంది. స్ప్రింగు మార్చకుండా కొత్త మోటారు పెట్టించారనుకోండి, అది కూడా అదే బరువు మోసి నాలుగు రోజులకే అరవడం మొదలుపెడుతుంది.

స్ప్రింగుని మాత్రం మీరు ముట్టుకోవద్దు, తెలియని మెకానిక్కుని ముట్టుకోనివ్వద్దు. తలుపు అడుగు మూలల్లో తీగ తగిలించిన బ్రాకెట్ల బోల్టులు కూడా అంతే. బిగువు మీద ఉన్న ఆ స్ప్రింగు విడిపోతే చెయ్యి విరుగుతుంది. ఇక్కడ డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి.

మీరే చేసుకోగలిగినవీ కొన్ని ఉన్నాయి. తలుపు పలకలను కలిపే బందుల బోల్టులూ, పట్టాలను గోడకి పట్టి ఉంచే బోల్టులూ ఆరేళ్ల అదురుకి వదులై ఉంటాయి. పానాతో ఒకసారి బిగించండి, విరిగేంతగా కాదు. దడదడలో చాలా భాగం అక్కడే పోవచ్చు. గోపాలపూర్ సముద్రపు గాలి మీ ఊరి ఇనుముని ఎలా తింటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. బందుల దగ్గరా, రోలర్ల బేరింగుల దగ్గరా తుప్పు పొడి కనబడితే గుడ్డతో తుడిచి సిలికాన్ స్ప్రే గానీ తెల్ల లిథియం గ్రీజు గానీ పట్టించండి. కొబ్బరి నూనె, స్కూటర్లోంచి తీసిన పాత ఆయిలు వద్దు. డబ్ల్యూడీ-40 తుప్పుని వదిలిస్తుంది గానీ జిడ్డుగా ఎక్కువ కాలం నిలవదు, అది కొట్టి వదిలేస్తే పది రోజుల్లో మళ్లీ కిర్రుమంటుంది. రోలర్లు నడిచే పట్టాలకి గ్రీజు పూయకండి, దుమ్ము పట్టి ముద్దకడుతుంది. వాటిని తుడిస్తే చాలు. రోలర్లు ఇనుపవైతే నైలాన్ వాటికి మార్చమనండి. కంపెనీ మోటారు కన్నా మీ డాక్టరు నిద్రకి ఇవే ఎక్కువ పనికొస్తాయి.

చైను కూడా చూడండి. బాగా వేలాడుతుంటే నడిచేటప్పుడు పట్టాకి కొట్టుకుంటుంది. మోటారుతో వచ్చిన పుస్తకంలో ఎంత వదులు ఉండాలో రాసి ఉంటుంది. సాధారణంగా అర అంగుళం లెక్కలో ఉంటుంది. తీగలా బిగించేస్తే మోటారు పళ్లచక్రం త్వరగా అరుగుతుంది. ప్లగ్గు పీకి మోటారు మూత తీసినప్పుడు లోపల తెల్లటి ప్లాస్టిక్ పొడి రాలి ఉంటే గేరు అరిగిందని గుర్తు. అప్పుడు కూడా గేరు ఒక్కటే దొరుకుతుందేమో ముందు అడగండి.

ఇంత రాశాక కూడా, మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఇంకోటి ఉంది. కింద కన్నా పైన గదిలోనే మోత ఎక్కువ అన్నారు. మోటారుని ఇనుప పట్టీలతో నేరుగా శ్లాబుకి బిగించి ఉంటారు. దాని అదురంతా కాంక్రీటులోంచి డాక్టరు మంచానికి ఎక్కుతోంది. ఆ పట్టీలకీ శ్లాబుకీ మధ్య దళసరి రబ్బరు ప్యాడ్లు పెట్టించాలి. బెల్టు మోటారు చైను మోటారు కన్నా నెమ్మదే, కాదనను. కానీ దాన్ని కూడా అదే పట్టీలకి అలాగే బిగిస్తే పైకి అదురు వెళ్లడం ఆగదు. 58,000 కొటేషనులో రబ్బరు ప్యాడ్ల మాట ఉందా? స్ప్రింగు మాట ఉందా? రాతపూర్వకంగా అడగండి. లేకపోతే డీలరు మీకు అమ్ముతున్నది మోటారు, నిశ్శబ్దం కాదు.

ఇక డబ్బు. మీ నెల ఖర్చు 32,000 కాబట్టి మూడు నెలలకి సరిపడా 96,000 సేవింగ్స్‌లో కదపకుండా ఉంచాలి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు మీ జిల్లా ఎలా ఉందో చూసినవారు మీరు. కరెంటు లేక, ఏటీఎంలు పనిచేయక, పైకప్పు రేకులు వెతుక్కునే రోజులకి ఆ డబ్బు. అది పోను మీ చేతిలో 44,000 ఉంది. బోల్టులు, గ్రీజు, ప్యాడ్లు, రోలర్లు, అవసరమైతే స్ప్రింగు మార్పిడి అన్నీ కలిపి 15,000 దాటకుండా చేసే మెకానిక్కుని వెతకండి. బరంపురంలో దొరక్కపోతే భువనేశ్వర్ నుంచో, విశాఖ నుంచో వచ్చేవాళ్లని అడగండి, రానూపోనూ ఖర్చు ఇచ్చినా లాభమే. ఆ ఖర్చు సేవింగ్స్ నుంచే పెట్టండి, ఆలోచించకండి.

పొదుపు పేరు చెప్పి దీన్ని వాయిదా మాత్రం వేయకండి. డాక్టరు వెళ్లిపోతే ఒక్క నెల ఖాళీకే 9,000 పోతుంది. సున్నం, కొత్త మనిషిని వెతుక్కోవడం వేరే. ఇలాంటి అద్దెదారు కోసం రెండు నెలల అద్దె లోపు ఖర్చుపెట్టడం దండగ కాదు. పని పూర్తయ్యే దాకా ఆయన పడుకునే వేళల్లో ఎర్ర తాడు లాగి చేత్తో ఎత్తుకోండి. తలుపు బరువుగా లేకపోతేనే సుమా.

ఇన్ని చేసినా మోటారే తప్పని తేలితే, ఆ 15,000 పోను మీ చేతిలో మిగిలే 29,000 ఆ 58,000కి చాలదు. నాలుగు నెలలు ఆగి ఎఫ్.డి. మెచ్యూర్ అయ్యాక కొనండి. ఆగలేని పరిస్థితి వస్తే ఎఫ్.డి. విరగ్గొట్టకండి, దాని హామీ మీద బ్యాంకు ఇచ్చే అప్పు, అంటే ఓవర్‌డ్రాఫ్ట్, తీసుకోండి. ముందే విరగ్గొడితే అప్పటిదాకా ఉంచిన కాలానికి వర్తించే తక్కువ రేటు లెక్కేసి, దాంట్లోంచి కూడా అర శాతమో ఒక శాతమో కోయడం బ్యాంకుల అలవాటు. 7 శాతానికి వేసిన ఏడాది ఎఫ్.డి. ఎనిమిది నెలలకి 5 శాతంగా లెక్కకొచ్చిందనుకుంటే మీ 2 లక్షల మీద 2,600 పైన పోతుంది. అదే 50,000 ఓవర్‌డ్రాఫ్ట్ 8 శాతానికి నాలుగు నెలలు వాడితే వడ్డీ 1,300 చిల్లర. నిజానికి మీకు తక్కువ పడేది 29,000 మాత్రమే, అంతే తీసుకుంటే వడ్డీ ఎనిమిదొందల లోపే.

నో కాస్ట్ ఈఎంఐ వద్దు. రొక్కం ఇస్తే దొరికే తగ్గింపు అందులో దొరకదు, ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, క్రెడిట్ కార్డు మీదైతే వడ్డీ భాగానికి 18 శాతం జీఎస్టీ పడుతుంది. డీలరుతో బేరం ఆడేటప్పుడు "మొత్తం ఒకేసారి ఇస్తే ఎంత?" అని అడిగి చూడండి. 6,000 మెయింటెనెన్స్ ఒప్పందంలో స్ప్రింగూ రోలర్లూ ఉచితమా, వచ్చి చూసినందుకే డబ్బా అన్నది చదవండి. కూలి ఒక్కటే అయితే ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. బదులుగా అద్దెలోంచి నెలకి 800 పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్టులో వేయండి. ఇప్పుడున్న 6.7 శాతానికి ఐదేళ్లలో సుమారు 57,000 అవుతుంది. ఈ మోటారు నిజంగా ముసలిదయ్యే నాటికి డబ్బు సిద్ధంగా ఉంటుంది.

పన్ను విషయంలో మీరు అనుకున్నట్టు కుదరదు. అద్దె ఆదాయంలో మునిసిపల్ పన్ను తీసేశాక మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతుల పేరిట ఎలాగూ మినహాయిస్తారు. మీరు రూపాయి ఖర్చుపెట్టినా లక్ష పెట్టినా అదే 30 శాతం, బిల్లు వేరే చూపించి తగ్గించుకోలేరు. అయినా బిల్లు తీసుకోండి, వారంటీకి కావాలి.

మీ అబ్బాయి సంగతి. అక్కడి నుంచి మోటారు తేవద్దని చెప్పండి. అమెరికా మోటార్లు 120 వోల్టుల మీద, 60 హెర్ట్జ్ మీద నడిచేలా చేసినవి. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నెట్టుకొచ్చినా వారంటీ ఉండదు, విడిభాగం కావాలంటే మళ్లీ ఆయన సూట్‌కేసులోనే రావాలి. డబ్బు పంపుతానంటే అందులో నామోషీ ఏమీ లేదు. కొడుకు ఇచ్చేది బహుమతి కింద మీకు పన్ను పడదు. అయినా 15,000 పనికి అడగాల్సిన అవసరం మీకు కనిపించడం లేదు. ఆయన ఈసారి వీడియో కాల్ చేసినప్పుడు ఎర్ర తాడు లాగి తలుపు ఎత్తి చూపించండి. పెట్టించినవాడు ఆయనే కదా, మోటారుతో వచ్చిన పుస్తకం ఎక్కడ పెట్టాడో కూడా అడగండి.