సీటు హీటరు లైటు వెలిగి ఆరిపోతుంటే మీటరు ఇలా పెట్టండి

కారులో డ్రైవర్ వైపు సీటు హీటరు బటన్ నొక్కగానే లైటు వెలిగి కొన్ని సెకన్లకే ఆరిపోతోంది, పక్క సీటు బాగానే వేడెక్కుతోంది అని ఒకరు అడిగారు. ఎక్కువ అనుమానం ఫ్యూజు మీద కాదండి, సీటు లోపలి హీటింగ్ మ్యాట్ (వేడెక్కే తీగలున్న పొర) మీదే. అంటే మ్యాట్‌లోని తీగ తెగిందని హీటరును నడిపే కంట్రోలరు గమనించి కరెంటు ఆపేస్తున్నట్టుంది. సీటుపై మోకాలు ఆనించి ఎక్కితే అక్కడే తెగుతుంది.

1. ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి పది నిమిషాలు ఆగండి. సీటు కింద పసుపు కనెక్టరు ఎయిర్‌బ్యాగుది. దానికి మీటరు పెట్టనే వద్దు.

2. హీటరు కనెక్టరు ఊడదీసి, మ్యాట్ వైపు లావు వైర్ల మధ్య మల్టీమీటరుతో ఓమ్స్ (తీగ నిరోధం) చూడండి. బాగున్న మ్యాట్ కొద్ది ఓమ్స్ చూపిస్తుంది. 12 వోల్టులకు 4 ఓమ్స్ అంటే 3 ఆంపియర్లు, 36 వాట్లు. సన్న వైర్లు వేడిని కొలిచే సెన్సరువి, వాటి లెక్క వేరు.

3. అందరూ వదిలేసేది ఇదే. ఖాళీ సీటు మీద కొలిచి "బాగుంది" అనేస్తారు. మీటరు అలాగే ఉంచి ఒకరిని కూర్చోబెట్టండి. అటూ ఇటూ జరగమనండి, వెనక్కి వాలమనండి. అంకె గెంతినా, మాయమైనా తీగ విరిగినట్టే. ఆటోనగర్‌లో చూపించినా ఈ పరీక్ష దగ్గరుండి చేయించండి.

బ్యాటరీ తిరిగి పెట్టాక వేడి చూసేది పొద్దున్నే. బెజవాడ ఎండలో కాలిన సీటుకు సెన్సరే హీటరును ఆపేయొచ్చు.

తెగిన చోట అతుకు వేయించొద్దు, అక్కడే కాలుతుంది. మ్యాట్ మార్పించండి.