బిజినెస్ స్కూల్‌కు ఇప్పుడే అప్లై చేయాలా, ఏడాది ఆగాలా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. ఉద్యోగంలో చేరి అయిదేళ్లయింది. చేతికొచ్చే జీతంలో 60 శాతం ఖర్చులకు పోతుంది, అమ్మానాన్నలకు పంపేది కూడా అందులోనే. మిగతాది పొదుపు చేస్తున్నాను. ఇప్పటికి ఏడాది జీతం కంటే కాస్త ఎక్కువే పోగైంది. రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎంబీఏ చేసి ఫైనాన్స్ వైపు మారాలని ఉంది. స్కూళ్లు దరఖాస్తులు తీసుకునే మూడో రౌండ్ గడువు ఇంకా ఆరు వారాలుంది. ప్రవేశ పరీక్ష జీమ్యాట్ ఇంకా రాయలేదు. ‘ఇప్పుడు వెళ్లకపోతే వయసు దాటిపోతుంది’ అని స్నేహితులు అంటుంటే టెన్షన్‌గా ఉంది. వచ్చే ఏడాది ఆఫీసులో ప్రమోషన్ రావచ్చు. పొదుపంతా ఫీజుకు పెట్టి, చాలనిది అప్పు తెచ్చుకోవచ్చా?

జవాబు: ఈ మూడో రౌండ్‌ను వదిలేయండి. వచ్చే సీజన్ మొదటి రౌండ్‌కు గట్టిగా సిద్ధమై అప్లై చేయండి. అంతకు మించి మాత్రం ఆగొద్దు. ఈ రెండు మాటలూ ఎందుకంటున్నానో మీ లెక్కతోనే చూద్దాం.

రౌండ్లు మూడున్నాయంటే సీట్లను మూడు సమాన వాటాలు చేశారని కాదు. చాలా స్కూళ్లలో మొదటి రౌండ్ గడువు సెప్టెంబరు ప్రాంతంలో, రెండోది జనవరి మొదట్లో, మూడోది మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉంటుంది. మూడోది వచ్చేసరికి క్లాసు చాలావరకు నిండిపోతుంది, స్కాలర్‌షిప్పులకు కేటాయించిన డబ్బులోనూ పెద్ద భాగం అయిపోతుంది. హార్వర్డ్ అయితే కొన్నేళ్లుగా మామూలు దరఖాస్తులకు రెండు రౌండ్లే పెడుతోంది. వేరే దేశంలో చదవాలంటే వీసాకూ, అప్పు మంజూరుకూ కూడా మూడో రౌండ్‌లో సమయం సరిపోకపోవచ్చు. అన్నిటికీ మించి, మీరు ఇంకా పరీక్షే రాయలేదు. ఆరు వారాల్లో జీమ్యాట్, వ్యాసాలు, సిఫార్సు లేఖలు అన్నీ హడావిడిగా చేస్తే అయిదేళ్ల మీ కష్టం ఆ దరఖాస్తులో కనిపించదు.

ఇక డబ్బు. మీ ఏడాది జీతాన్ని 100 అనుకుందాం. పొదుపు 120 ఉందనుకుందాం. రెండేళ్ల ఫీజు మొత్తం 150 అనుకుందాం. మీరు ఎంచుకునే స్కూలును బట్టి ఈ అంకెను మార్చుకోండి. చాలామంది ఫీజు దగ్గరే ఆగిపోతారు. కానీ ఇక్కడ పెద్ద ఖర్చు ఫీజు కాదు, రెండేళ్లపాటు చేతికి రాని జీతం. అదే 200. మరికొందరు ఆ 200 వేసి, దాని మీద తిండి, అద్దె కూడా పూర్తిగా కలుపుతారు. అది ఒకే ఖర్చును రెండుసార్లు లెక్కపెట్టడం. ఉద్యోగంలో ఉన్నా తింటారు, అద్దె కడతారు కదా. అదనంగా అయ్యేదే కలపాలి. ఏడాదికి 10 చొప్పున 20 వేద్దాం. మధ్యలో ఇంటర్న్‌షిప్‌లో 20 వస్తుందనుకుంటే అది తీసేయాలి. అంటే ఈ చదువు అసలు ఖరీదు 350, మూడున్నరేళ్ల జీతం.

చేతిలో ఎంత డబ్బు ఉండాలన్నది వేరే లెక్క. ఫీజు 150, రెండేళ్ల జీవన ఖర్చు 140, అందులోంచి ఇంటర్న్‌షిప్ 20 తీసేస్తే 270 కావాలి. మీ 120 పొదుపులో 30 పక్కన పెట్టండి, అది ఆరు నెలల ఖర్చు. దాన్ని ఫీజుకు వాడొద్దని గట్టిగా చెబుతున్నాను. చదువు పూర్తయిన రోజే ఉద్యోగం దొరకకపోవచ్చు. ఆ మూడు నాలుగు నెలల్లో డబ్బు లేకపోతే దొరికిన మొదటి ఉద్యోగానికి తలొగ్గాల్సి వస్తుంది. ఇంత ఖర్చు పెట్టి చదివింది అందుకు కాదు కదా. కాబట్టి మీరు వేయగలిగింది 90, అప్పు 180.

ఆ అప్పు రెండు విడతల్లో, 10 శాతం వడ్డీకి తీసుకుని, చదువుకునేంతకాలం ఏమీ కట్టలేదనుకుందాం. కోర్సు ముగిసేసరికి అది 208 అవుతుంది. పదేళ్ల ఈఎంఐగా కడితే ఏడాదికి 33 పోతుంది. ఈ చదువు లేకుండా, ఏటా 8 శాతం పెరిగినా రెండేళ్లకు మీ జీతం సుమారు 117 అవుతుంది. ఎంబీఏ తర్వాత 180 వస్తే ఏడాదికి 63 లాభం. వడ్డీ పక్కన పెట్టి చూస్తే 350 తిరిగి రావడానికి అయిదున్నరేళ్లు. ఫర్వాలేదు. కానీ 150 మాత్రమే వస్తే లాభం 33. మీ ఈఎంఐ కూడా అంతే. అంటే పదేళ్లపాటు పెరిగిన జీతమంతా బ్యాంకుకే పోతుంది.

అందుకే స్కూలు చెప్పే సగటు జీతం చూసి నిర్ణయం తీసుకోకండి. మీలాగే మీ రంగం నుంచి ఫైనాన్స్‌కు మారినవాళ్లు ఎంతమంది, వాళ్లకు ఎంత వచ్చింది, ఎన్ని నెలలకు వచ్చింది అని అడగండి. స్కూళ్లు ప్రచురించే ఉద్యోగాల నివేదికల్లో రంగాలవారీగా వివరాలుంటాయి. సగటు కంటే మధ్యస్థ జీతం, అంటే అందరినీ జీతం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవారికి వచ్చేది చూడండి. అక్కడ చదివిన ఇద్దరు ముగ్గురితో ఫోన్లో మాట్లాడండి. ఈ పని ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు, దీనికి ఖర్చేమీ లేదు.

ఏడాది ఆగితే ఏమవుతుంది? మరో 40 పొదుపవుతుంది. మొదటి రౌండ్‌లో ఫీజులో నాలుగో వంతు స్కాలర్‌షిప్ దొరికితే మరో 37 తగ్గుతుంది. ఫీజు కాస్త పెరిగినా అప్పు 180 నుంచి 110 దరిదాపుల్లోకి దిగుతుంది, ఏడాది ఈఎంఐ 33 నుంచి 20కి వస్తుంది. కానీ ఆగడానికీ ఒక ధర ఉంది. పెరిగిన జీతంతో పనిచేసే ఏళ్లలో ఒకటి తగ్గిపోతుంది, అంటే ఆ 63 పోయినట్టే. పైగా ప్రమోషన్లు వచ్చేకొద్దీ వదులుకోవాల్సిన జీతమూ పెరుగుతుంది. అందుకే ఒక్క ఏడాదికి మించి ఆగొద్దన్నాను. మూడో రౌండ్‌లో తిరస్కరిస్తే వచ్చేసారి అదే స్కూలుకు ‘అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది’ అని జవాబు చెప్పుకోవాలి. ఆ భారం ఇప్పుడు ఎందుకు? 28 ఏళ్ల వయసు గురించి కంగారు పడకండి, ఫుల్‌టైమ్ క్లాసుల్లో మీ వయసువాళ్లే ఎక్కువగా కనిపిస్తారు.

పరీక్షను మాత్రం వాయిదా వేయొద్దు. జీమ్యాట్ స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది, దాని బదులు చాలా స్కూళ్లు తీసుకునే జీఆర్‌ఈ పరీక్ష స్కోరు కూడా అంతే. ఇప్పటి జీమ్యాట్‌లో 45 నిమిషాల చొప్పున మూడు విభాగాలు, స్కోరు 205 నుంచి 805 వరకు. పాత 800 స్కేలుతో పోల్చి బెంగపడకండి, పర్సంటైల్ చూడండి, అంటే ఎంత శాతం మంది కంటే మీరు ముందున్నారో. తక్కువొస్తే 16 రోజుల తర్వాత మళ్లీ రాయవచ్చు. జూన్ కల్లా ఇది ముగిస్తే ఆ తర్వాత గడువు దాకా సమయమంతా వ్యాసాలకు దొరుకుతుంది. స్కూళ్ల నిధులు ప్రతిభకు ఇచ్చే చోట ఈ స్కోరు నేరుగా మీ ఫీజును తగ్గించగలదు. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ మాత్రం అవసరాన్ని బట్టి ఇస్తాయి, మీ ఆదాయం, ఆస్తులు చూస్తాయి.

నాలుగైదు స్కూళ్లు చాలు. ప్రతిదానికీ ఫీజు ఉంటుంది కాబట్టి స్కూళ్లు పెట్టే సమాచార సమావేశాలకు వెళ్లండి, కొన్ని అలా హాజరైనవారికి దరఖాస్తు ఫీజు మాఫీ చేస్తాయి. రెండు చోట్ల సీటు వస్తే, ఒకరిచ్చిన స్కాలర్‌షిప్ చూపించి రెండోవారిని మర్యాదగా అడగవచ్చు. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

సిఫార్సు లేఖ అడగ్గానే మీ ప్లాన్ బాస్‌కు తెలిసిపోతుంది. నమ్మకమున్న పాత మేనేజర్ ఉంటే ముందు వారిని అడగండి. ప్రమోషన్ ఖరారయ్యాక దరఖాస్తులో అది రాయగలిగితే మరీ మంచిది. రాజీనామా తేదీని బోనస్ చేతికొచ్చిన తర్వాతే పెట్టుకోండి.

రెండేళ్లు తప్పనిసరా అన్నది కూడా ఆలోచించండి. ఫ్రాన్స్‌కు చెందిన బిజినెస్ స్కూల్ ఇన్‌సీడ్‌లో పది నెలల్లో ఎంబీఏ అయిపోతుంది, జనవరిలోనూ ఆగస్టులోనూ చేరవచ్చు. పోయే జీతం సగానికి పైగా తగ్గుతుంది. రంగం మారేవాళ్లకు ఇంటర్న్‌షిప్ ప్రాణం లాంటిది, కాబట్టి మధ్యలో ఆ అవకాశముండే జనవరి బ్యాచ్ మీకు నప్పుతుంది. ఉన్న రంగంలోనే ఎదగాలనుకుంటే పార్ట్‌టైమ్ కోర్సు చెప్పేవాడిని, మీ విషయంలో చెప్పను.

ఇక అప్పు. చదువుకునేటప్పుడు వడ్డీ మాత్రమైనా నెలనెలా కట్టగలరేమో చూడండి, లేకపోతే వడ్డీ మీద వడ్డీ పెరుగుతుంది. ఉద్యోగం ఏ కరెన్సీలో చేయబోతున్నారో అప్పు అదే కరెన్సీలో ఉంటే నిశ్చింత. అమ్మానాన్నలు ఉంటున్న ఇంటిని మాత్రం తాకట్టు పెట్టొద్దు. తాకట్టు లేనిదే అప్పు రాదంటే తక్కువ ఫీజున్న స్కూలు చూసుకుందాం. వాళ్లకు నెలనెలా పంపే డబ్బు మీ 60లో ఉంది కదా, రెండేళ్లూ అది ఆగకూడదని లెక్కలో అలాగే ఉంచాను.

మొదటి రౌండ్ ఫలితాలు డిసెంబరు ప్రాంతంలో వస్తాయి. సీటు ఖాయం చేసుకోవడానికి కట్టే డిపాజిట్ చాలాచోట్ల తిరిగి రాదు. స్కాలర్‌షిప్ ఎంతో రాసిన లేఖ చేతికి రాగానే, డిపాజిట్ కట్టే ముందే ఆ అంకెలతో నాకు మళ్లీ రాయండి. ఈ లెక్కంతా కలిసి కొత్తగా వేద్దాం.