బిడియస్తురాలైన అమ్మాయికి ఖరీదైన కాలేజీయే కావాలా?

ప్రశ్న: మా అమ్మాయి నోట్లో నాలుక లేని పిల్ల. కొత్తవాళ్లతో మాట్లాడదు, ఒంటరిగా చదువుకోవడమే ఇష్టం. నాలుగేళ్ల డిగ్రీకి రెండు కాలేజీల్లో సీటు వచ్చింది. ఒకటి చిన్నది, హాస్టల్లో ఉండాలి. ప్రతి విద్యార్థినీ ప్రత్యేకంగా చూసుకుంటామంటున్నారు. రెండోది చాలా పెద్దది, ఇంటి నుంచే వెళ్లి రావచ్చు. మొదటిదాని ఖర్చు దీనికి మూడింతలు. మా పొదుపు దానికి రెండేళ్ల వరకే సరిపోతుంది. మిగతా రెండేళ్లకు అప్పు చేయాలా, రిటైర్మెంట్ డబ్బు తీయాలా? పెద్ద కాలేజీలో ఎవరూ పట్టించుకోరని మావారి భయం.

జవాబు: మీవారి భయాన్ని నేను కొట్టిపారేయను. కాకపోతే ఆ భయం ఖరీదు ఎంతో ముందు చూద్దాం.

లెక్క సులువు కోసం చిన్న కాలేజీ ఖర్చు ఏడాదికి 50 రూపాయలు, మీ పొదుపు 100 అనుకుందాం. మూడో ఏడాది మొదట్లో 50, నాలుగో ఏడాది మొదట్లో 50 అప్పు తెచ్చారనుకోండి. వడ్డీ 10 శాతం. చదువు పూర్తయ్యేసరికి ఆ 100 కాస్తా 115 అవుతుంది. దాన్ని పదేళ్ల ఈఎంఐలుగా కడితే మొత్తం 182 దాకా కట్టాలి. పొదుపు 100 కలిపితే 282, పెద్ద కాలేజీకి నాలుగేళ్లకూ అయ్యేది 67. అంటే చిన్న కాలేజీ మీకు పెద్దదానికి మూడింతలు కాదు, నాలుగింతలు దాటుతుంది. ఏటా ఫీజు పెంచితే అది అదనం. అప్పు తప్పదంటే, చదువు ముగిసేనాటికి ఉన్న బాకీ అమ్మాయికి రాబోయే మొదటి ఏడాది జీతాన్ని మించకూడదు. సరిగ్గా అంతే ఉన్నా, పదేళ్ల ఈఎంఐ నెల జీతంలో దాదాపు 16 శాతం తినేస్తుంది.

రిటైర్మెంట్ డబ్బు ముట్టుకోవద్దు. చదువుకు అప్పిచ్చేవాళ్లు ఉంటారు, ముసలితనానికి ఇచ్చేవాళ్లు ఉండరు.

ఇక అమ్మాయి సంగతి. బిడియం వేరు, ఒంటరిగా ఉండటం ఇష్టపడటం వేరు. నలుగురిలో నోరు తెరవాలంటే టెన్షన్ పడటం బిడియం. నలుగురిలో ఉంటే అలసిపోయి, కాసేపు తన గదిలో ఉంటే తేరుకోవడం రెండోది. మీ అమ్మాయిలో రెండూ కొంచెం కొంచెం ఉండొచ్చు, కానీ ఖర్చు లెక్కలో రెండూ ఒకటి కావు. బిడియం మరీ ఇబ్బంది పెడుతుంటే కొన్ని నెలల కౌన్సెలింగ్‌కు అయ్యేది, రెండు కాలేజీల ఫీజుల తేడాలో చిన్న ముక్క. ఏకాంతం కావాల్సిన పిల్లకు ముగ్గురుండే హాస్టల్ గది పెద్ద శిక్ష. సాయంత్రం ఇంటికొచ్చి తలుపేసుకునే వీలు మీ చవక కాలేజీలోనే ఉంది! విడిగా ఒక్కరికే గది కావాలంటే ఎంత అదనమో ఆ చిన్న కాలేజీ వాళ్లను అడిగారా? బ్రోషర్లలో మాత్రం అందరూ గుంపుగా నవ్వుతూనే కనిపిస్తారు.

కాలేజీ సైజు కన్నా ఆమె కూర్చునే గది సైజు ముఖ్యం. వేలమంది ఉన్న కాలేజీలో కూడా ఒక్కో డిపార్ట్‌మెంట్‌లో నలభైమందే ఉండొచ్చు. చిన్న కాలేజీలో మొదటి ఏడాది పాఠాలు అన్ని బ్రాంచీలకూ కలిపి చెప్పొచ్చు. రెండుచోట్లా ఇవే అడగండి: సెక్షన్‌లో ఎంతమంది, క్లాసు అయ్యాక లెక్చరర్ దొరుకుతారా, సందేహాలు మెయిల్లో పంపితే జవాబిస్తారా, మార్కుల్లో నోటితో చెప్పే ప్రెజెంటేషన్ల వాటా ఎంత. అమ్మాయిని తీసుకెళ్లి మామూలు పనిరోజున ఒక క్లాసులో, లైబ్రరీలో కూర్చోబెట్టండి. కాలేజీ చూడమని అందర్నీ పిలిచే ఓపెన్ డే రోజు వద్దు, ఆ రోజు అన్ని కాలేజీలూ అందంగానే ఉంటాయి.

స్కాలర్‌షిప్ విషయంలో మొహమాటపడే పిల్లలు నష్టపోతారు, అడగరు కాబట్టి. చిన్న కాలేజీకి ఫీజు తగ్గించమని ఉత్తరం రాయించండి. ఆమెకు మాట కన్నా రాత సులువు కావచ్చు. ఇస్తామంటే అది నాలుగేళ్లకా, మొదటి ఏడాదికేనా, ఎన్ని మార్కులు తగ్గితే ఆగిపోతుంది, రాతపూర్వకంగా తీసుకోండి.

నా ఓటు పెద్ద కాలేజీకే. ఒక్క సందర్భంలో మాత్రం మార్చుకుంటాను: అక్కడ ఒక రోజు గడిపి వచ్చాక కూడా అమ్మాయి తనంతట తాను వద్దంటే. ఇష్టం లేనిచోట చేరి ఒక ఏడాది వృథా అయితే పోయేది ఆ ఏడాది ఫీజు ఒక్కటే కాదు, ఒక ఏడాది జీతం కూడా.

పెద్ద కాలేజీ ఎంచుకుంటే మీ పొదుపు నాలుగేళ్లకూ సరిపోయి, మూడో వంతు మిగులుతుంది. ఫీజులకు కావాల్సిన మొత్తాన్ని షేర్లలో పెట్టకుండా, ఏడాదికో డిపాజిట్ మెచ్యూర్ అయ్యేలా విడగొట్టి ఉంచండి. ఆ మూడో వంతును ఫీజుల పెరుగుదలకూ, పీజీకీ దాచండి.