నా మాట నమ్మకు, నలుగుర్ని వెతుక్కో

అమ్మలూ,

నీ కథ రెండుసార్లు చదివాను. ఎలా ఉందని అడిగావు. బాగుందనే అంటాను. చిన్నప్పుడు నీకు తలంటు పోసిన చేతులివి, ఇంకేమంటాను? అందుకే నా మాట నమ్మకు. హైదరాబాద్‌లో నీలాగే రాసుకునేవాళ్లను నలుగురైదుగుర్ని చూసుకుని నెలకోసారి కూర్చో.

సంఘం అంటే నీకు టెన్షన్ అని తెలుసు. నేను మొదట చేరింది కూడా సన్మానాల సంఘమే. గంటన్నర సభలో గంట దండలకీ శాలువాలకీ పోయేది. మూణ్ణెల్లకే మానేశాను. వాళ్లు కప్పిన శాలువా ఇప్పుడు ఇస్త్రీ బల్ల మీద పరిచి ఉంది. 1943లో అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది మన తెనాలిలోనే అని మాకు గొప్పే, కాదనను. కానీ పెద్ద సంఘాల పని వేరు. నీ కథలో మూడో పేజీ ఎందుకు నడవడం లేదో తేలాలంటే ఒక గదిలో పట్టేంతమందే ఉండాలి. 1965లో తొలి సంపుటితో గగ్గోలు పుట్టించిన దిగంబర కవులు ఎంతమందనుకున్నావు? ఆరుగురే.

మేం ఐదుగురం. రెండో ఆదివారం సాయంత్రం మా మేడ మీద చేరతాం. ఓసారి నా కథలో రైతు వరి కోసి, చేను దున్ని మినుములు చల్లాడు. మాలో రేపల్లె వైపు రైతు ఒకాయన ఉన్నారు. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "అమ్మా, కోత రెండు మూడు రోజులుందనగా, పదును ఆరకముందే నిలబడ్డ వరిలోనే చల్లేస్తాం గదా, ఈయనెందుకు దున్నుతున్నాడు?" అన్నారు. సిగ్గుతో చచ్చాను. పుట్టి పెరిగింది డెల్టాలో, ఒక్కసారైనా సరిగ్గా చూడలేదు! ఆ రాత్రే కథ మార్చాను. ముసలాయన నిలబడ్డ చేలో మినుములు చల్లి, కోతకు ముందురోజు పోతాడు. కర్మకాండలన్నీ అయ్యాక కొడుకు పొలానికి వెళితే, కోసిన మోళ్ల మధ్య మొలకలు. ఆ ముగింపు ఒంటరిగా కూర్చుంటే నాకు జన్మలో తట్టేది కాదు.

ఒక పద్ధతి మాత్రం పెట్టుకోండి. ఎవరి కథ వాళ్లు చదవకూడదు. పక్కవాళ్లు పైకి చదవాలి, రాసినవాళ్లు నోరు మూసుకుని వినాలి. చదివేవాళ్లు తడబడ్డ చోట నీ వాక్యం వంకరగా ఉన్నట్టే. "నా ఉద్దేశం అది కాదు" అని మధ్యలో అందుకోకు. పత్రిక కొనుక్కుని చదివేవాడి పక్కన నువ్వు ఉండవుగా! అయ్యాక "బాగుందా?" అనీ అడగొద్దు, "ఎక్కడ ఫోన్ చూడాలనిపించింది?" అని అడుగు.

చెప్పినవన్నీ దిద్దేయాలని కాదు. ప్రతి కథా తను రాసినట్టే ఉండాలనే మనిషి ఒకరు ఎక్కడైనా ఉంటారు, వాళ్లకు తలూపి ఊరుకో. పక్కవాళ్ల కథ అచ్చయితే కాస్త కుళ్లుకుంటావు కూడా. నేనూ కుళ్లుకున్నాను, రెండ్రోజుల్లో పోతుంది. పైగా రెండో ఆదివారం తరుముకొస్తుంటే కథ అదే పూర్తవుతుంది.

ఈ కథే ఐదు కాపీలు ప్రింటు తీయించి పట్టుకెళ్లు. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, నాలాంటి చత్వారం వాళ్లూ వస్తారు.

నీ పెద్దమ్మ