యుద్ధం, క్షుద్రశక్తులు కలిపి తక్కువ ఖర్చుతో తీసిన హారర్ సినిమాల్లో నిజంగా భయపెట్టేవి ఉన్నాయా? మనవైపు అలాంటి కథ తీయొచ్చా?

నాజీ బంకర్లు, జాంబీ సైనికులు, క్షుద్రపూజలు ఉన్న చిన్న సినిమాలు కొన్ని చూశానని, ఒక్కటీ భయపెట్టలేదని రాశారు. ఇందులో మంచివేమైనా ఉన్నాయా, శ్రీకాకుళం, విజయనగరం వైపు అలాంటి కథ తీసే వీలుందా అని అడిగారు. రెండింటికీ ఉందనే నా జవాబు. ఈ రకం సినిమాలంటే నాకు చాలా ఇష్టం. మిత్రులతో కలిసి ఒక షార్ట్ ఫిల్మ్‌కి సౌండ్ పని కూడా చేశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు చూసినవి భయపెట్టకపోవడానికి కారణం బడ్జెట్ కాదు. సైనికుడి మొహానికి తెల్లరంగు పూసి దెయ్యం అంటే ఎవరూ భయపడరు. యుద్ధంలో ఎవరో ఒక పాపం చేసి ఉండాలి, దాని లెక్క తేల్చుకోవడానికే ఆ శక్తి రావాలి. అప్పుడు సైనికుడి చేతిలో తుపాకీ ఉన్నా మనకి టెన్షన్ తగ్గదు, కాల్చడానికి ఎదురుగా శత్రువంటూ ఎవరూ ఉండరు కాబట్టి. నాజీ నాయకుడు హిమ్లర్ అండతో 1938-39లో ఒక జర్మన్ బృందం టిబెట్ వెళ్లింది. అలాంటి నిజాలు పట్టుకుని నాజీలకి మంత్రతంత్రాలు అంటగట్టడం నిర్మాతలకి తేలికైపోయింది. యూనిఫాం చూపిస్తే చాలు, వాళ్లు ఏం చేశారో చెప్పక్కర్లేదనుకుంటారు. అక్కడే కథ నీరసపడిపోతుంది.

ముందు కొరియన్ సినిమా ‘ఆర్ పాయింట్’ (2004) చూడండి. 1972, వియత్నాం యుద్ధం. ఆరు నెలల కిందట గల్లంతైన దళం నుంచి రేడియోలో పిలుపులు వస్తుంటాయి. వాళ్లని వెతకడానికి కొంతమంది సైనికుల్ని పంపుతారు. షూటింగ్ కంబోడియాలోని బోకోర్ కొండ మీద, ఫ్రెంచివాళ్లు కట్టి వదిలేసిన పాత భవనంలో చేశారు. ఆ నాచు పట్టిన గోడలే సగం పని చేసేశాయి. మిగతా సగం రేడియోది. మాట్లాడుతున్నది ఎవరో తెలియని గొంతు, మధ్యలో గరగరమనే చప్పుడు. దెయ్యం కనిపించిన చోట కంటే ఆ గొంతు దగ్గరే నాకు ఎక్కువ భయం వేసింది.

ఇంగ్లండ్ అంతర్యుద్ధం నేపథ్యంలో బెన్ వీట్లీ తీసిన ‘ఎ ఫీల్డ్ ఇన్ ఇంగ్లండ్’ (2013) షూటింగ్ 12 రోజుల్లో అయిపోయింది. నలుపు తెలుపు సినిమా, ఒక పొలం, గుప్పెడు మంది నటులు. యుద్ధం చూపించడానికి డబ్బుల్లేవు కాబట్టి ఒక కంచె అవతల ఫిరంగుల మోత, పొగ, కేకలు మాత్రం పెట్టారు. అందులో ఒక గుడారం సీను ఉంది. మంత్రగాడు ఒకణ్ణి లోపలికి తీసుకెళ్తాడు. కెమెరా బయటే ఉండిపోతుంది. లోపల నుంచి అరుపులు. ఆ తర్వాత వాడు నడుముకి తాడుతో, మొహం నిండా నవ్వుతో నెమ్మదిగా బయటికొస్తాడు. లోపల ఏం జరిగిందో సినిమా చెప్పదు. పైసా ఖర్చులేని సీను, కానీ చూశాక మనసులోంచి పోదు.

పాతవాటిలో బోరిస్ కార్లాఫ్ నటించిన ‘ఐల్ ఆఫ్ ది డెడ్’ (1945) వదలొద్దు. 1912 బాల్కన్ యుద్ధం, ఒక గ్రీకు దీవి, ప్లేగు భయం. ఎవరూ దీవి దాటకూడదని ఒక జనరల్ ఆజ్ఞ. ఒక ముసలామె ఇంట్లో ఉన్న అమ్మాయిని చూపించి, ప్రాణాలు పీల్చేది ఈమే అంటుంది. సైన్యాన్ని నడిపిన ఆ జనరల్ కూడా మెల్లగా ఆ మాట నమ్మడం మొదలుపెడతాడు. శవపేటిక మీద నీటిబొట్లు పడే చప్పుడు ఒకటుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

‘అండర్ ది షాడో’ (2016) లో కథ 1980ల్లో, ఇరాక్‌తో యుద్ధం నడుస్తున్నప్పటి టెహ్రాన్‌లో నడుస్తుంది. తీసింది జోర్డాన్‌లో. పై అంతస్తులో పడిన క్షిపణి పేలదు, కానీ ఇంటి కప్పు చీలుతుంది. కూతురితో ఆ ఇంట్లో ఉన్న తల్లి ఆ చీలికకి టేపు అంటిస్తుంది. భయంతో పిల్లని ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తితే, తలమీద గుడ్డ లేదని పట్టుకుపోతారు. లోపల జిన్ను, బయట ప్రభుత్వం. ఆవిడ ఎటు పోవాలి? నా లెక్కలో ఈ కోవలో ఇదే అన్నిటికంటే గొప్పది.

నాజీ బంకరే కావాలంటే ‘అవుట్‌పోస్ట్’ (2008) మొదటి సగం బాగుంటుంది, స్కాట్లండ్‌లో తీశారు.

ఇక మనవైపు కథ. యుద్ధం అనగానే అందరూ బొబ్బిలి అంటారు. 1757 జనవరి 24న ఆ కోటలో జరిగింది ఇక్కడివాళ్లకి ఇంకా మానని గాయం. కోటలో ప్రాణాలు పోయిన ఆడవాళ్లని, పసిపిల్లల్ని దెయ్యాలుగా చూపించడం నాకు ససేమిరా ఇష్టం లేదు. ఆ యుద్ధంతో ముడిపడిన విజయనగరం గ్రామదేవత పైడితల్లమ్మ కథ జోలికి అసలే వెళ్లొద్దు. సిరిమానుకి దండం పెట్టుకునే జనం ఆవిడని ఇంటి ఆడపడుచులా చూసుకుంటారు. పైగా గుర్రాలు, ఫిరంగులు చిన్న బడ్జెట్‌కి కుదిరేవి కావు.

నేనైతే 1942 తీసుకోమంటాను. మన తీరం నుంచి ఎంతోమంది పనికోసం రంగం (బర్మా) వెళ్లారు. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక, కాలినడకన అరకాన్ మీదుగా, మణిపూర్ మీదుగా జనం వెనక్కొచ్చారు. దారిలో కలరా, ఆకలి. నడవలేనివాళ్లని వదిలేసి రావాల్సి వచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద కూడా బాంబులు పడ్డాయి. కిటికీలకి గోనెపట్టాలు కట్టి చీకట్లో కూర్చున్నామని మా అమ్మమ్మ చెప్పేది. వదిలేసి వచ్చినవాళ్లు వెనకాలే వస్తే? ఈ ఒక్క ప్రశ్న చాలు కథకి.

మా షార్ట్ ఫిల్మ్ ఇదే. రంగం నుంచి ఒక ముసలామె రేకుపెట్టెతో కళింగపట్నం వైపు ఒక ఊరికి తిరిగొస్తుంది. పిల్లలకి జ్వరాలు మొదలవుతాయి, ఊరు ఆమెకి చిల్లంగి (చేతబడి) అంటగడుతుంది. ఫోన్‌తోనే తీశాం. లాంతరు వత్తి తగ్గిస్తే చెయ్యిచాపు దూరం తర్వాత అంతా చీకటి, సెట్ అక్కర్లేదు. సౌండ్‌లో చేసింది ఒక్కటే. సినిమా అంతా వెనకాల సముద్రం హోరు ఉంచి, రాత్రి ఆమె లేచి పెట్టె గొళ్లెం మీద చెయ్యి వేసిన క్షణంలో ఆ హోరు పూర్తిగా తీసేశాం. ఆ ఊళ్లోనే తెర కట్టి వేశాం. అక్కడివాళ్లు పుట్టినప్పటి నుంచి ఆ హోరులోనే ఉన్నారు. వెనక నుంచి ఒక పెద్దాయన గట్టిగా అడిగాడు: “సముద్రం ఏటైపోనాదర్రా?” పక్కవాళ్లు నిజంగానే బీచ్ వైపు తిరిగి చూశారు.

మీరు తీస్తే ఒక్కటి మాత్రం పాటించండి. చిల్లంగి పెట్టారన్న అనుమానంతో మనుషుల్ని చంపిన వార్తలు మన ఏజెన్సీ వైపు నుంచి ఇప్పటికీ వస్తున్నాయి. కాబట్టి చివర్లో ‘నిజంగానే ఆవిడే చేసింది’ అని తేల్చకండి, గిరిజనుల పూజల్ని క్షుద్రంగా చూపించకండి. ‘ఐల్ ఆఫ్ ది డెడ్’ లో ఆ అమ్మాయిని ఎలా చూపించారో గమనించండి, అనుమానించేవాళ్ల మొహాల మీదే కెమెరా ఎక్కువసేపు ఉంటుంది. స్క్రిప్ట్ రాయడం మొదలుపెడితే ముందు మీ ఊళ్లో రంగం సంగతులు తెలిసిన పెద్దవాళ్లని కూర్చోబెట్టి, వాళ్లు చెప్పింది రికార్డు చేసుకోండి. ఆ తరం వాళ్లు ఎక్కువమంది లేరు.