చక్రపాణి ఎందుకొచ్చాడు?

చిరంజీవి శారదకు,

పర్లాకిమిడి నుంచి ఆశీస్సులు. గుణుపురం నుంచి నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. తల్లికి స్కిజోఫ్రీనియా అనే మనోవ్యాధి, వంశంలోనే ఉంది గనక కూతురికీ తప్పదని ముగించావు. అక్కడ నా మనసు చివుక్కుమంది తల్లీ.

అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి ఈ జబ్బు వస్తే, రెండోవారికి రాకపోవడమే ఎక్కువ. జన్యువుల పాత్ర పెద్దదే, కాదనను. 2022లో అచ్చయిన పరిశోధన జన్యురాశిలో 287 చోట్ల దీనితో ముడిపడ్డ తేడాలు చూపించింది. కానీ వాటిలో చాలావాటి బలం విడివిడిగా చూస్తే గోరంత. అందుకే కూతురి నుదుట అలా రాసెయ్యకు. అలాంటి ఇంటి పిల్ల చదివితే ఆ రాత్రి నిద్రపోదు.

స్కాన్ చూసి డాక్టరు జబ్బు పేరు చెప్పే ఘట్టం తీసెయ్. మాటకు సంబంధించిన కణత భాగంలో మెదడు పొర కాస్త పలచబడడం చాలామందిని కలిపి సగటు తీస్తే తేలే సంగతి. ఒక్కరి ఫిల్ము చూసి ఇదే జబ్బని చెప్పలేరు. డాక్టరు కూడా ముందు మాటే వింటాడు.

నీ కథలో ఆ మాటే లేదు. ఆమె నోట అర్థంలేని కూతలు పెట్టావు. ఇదే జబ్బున్న మా చిన్నాన్న అలా మాట్లాడలేదు. వసారాలో గోడకు చేరబడి, "పాణి తే. చక్రపాణి వస్తాడు. చక్రం తిరిగితే బండి కదుల్తాది. బండి తోటలో ఉండిపోనాది" అనేవాడు. ఒడియాలో పాణి అంటే నీళ్లని నీకు చెప్పక్కర్లేదు. దాహమేసింది. నీళ్లమాట చప్పుడు పట్టుకుని దేవుడి పేరుకు జారాడు, అక్కణ్ణించి చక్రానికి, బండికి. తోట మాత్రం నిజం, మేం అమ్ముకున్న జీడితోట. ప్రతి మాటా పక్కమాటను పట్టుకునే ఉంది. నాకది తెలియడానికి ఇరవై ఏళ్లు పట్టింది. మా అమ్మ మొదటి మాటకే లేచి చెంబుతో నీళ్లు తెచ్చేది.

ఈ ఊళ్లోనే గిడుగు రామమూర్తి పంతులుగారు సవరమాట నేర్చుకోడానికి ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని విన్నారు. నువ్వూ అంత ఓపికగా విను. అలాంటి మనిషి ఇంట్లో ఉంటే అడిగి, వాళ్లు ఒప్పుకుంటేనే రాయి. నవ్వించడానికి మాత్రం ఒక్కమాటా వాడకు.

మూడో పేజీ మళ్లీ రాసి పంపు. ఆ తల్లి ఈసారి కూతుర్ని ఏమడుగుతుందో చదవాలని ఉంది.

మీ మాస్టారు